పట్టర్ ఎంపిక: నెల్లూరు ఎండలో, కోస్తా గాలిలో ఏ డిస్కు నిలబడుతుంది?

డిస్క్ గోల్ఫ్‌లోకి కొత్తగా దిగినవాళ్ళలో చాలామంది ముందు కొనేది డ్రైవర్, అంటే దూరం విసిరే డిస్కు. సన్నటి అంచు, మెరిసే రంగు, వంద మీటర్లు పోతుందన్న ఆశ. తీరా విసిరితే ముప్పై మీటర్లు పోయి ఎడమకు కూలబడుతుంది. తప్పు డిస్కుది కాదు. ఆ అంచు అడిగే వేగం కొత్త చెయ్యి ఇవ్వలేదు. అదే చేత్తో పట్టర్, అంటే దగ్గర నుంచి బుట్టలో వేసే డిస్కు, విసిరితే నలభై మీటర్లు తిన్నగా పోయి మెత్తగా దిగుతుంది. కాబట్టి ఒక్క డిస్కే కొనగలిగితే అది పట్టరే కావాలి. మైపాడు దారిలోనో కొత్తపట్నం దగ్గరో సర్వితోట పక్కన నలభై, యాభై మీటర్ల దూరంలో ఒక బుట్ట పెట్టుకుంటే మొదటి విసురు నుంచి చివరిదాకా దానితోనే ఆట నడుస్తుంది.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. గోల్ఫ్‌లో గుంటలోకి బంతి వేసినట్టు ఇక్కడ గొలుసులు వేలాడే బుట్టలోకి డిస్కు వేయాలి. ఎన్ని తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. ఈ గొలుసుల బుట్టకు రూపమిచ్చిన ఎడ్ హెడ్రిక్ 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్, అంటే పీడీజీఏ, స్థాపించాడు. 2002లో ఆయన పోయాక ఆయన కోరిక ప్రకారం చితాభస్మం కలిపి డిస్కులు పోయించారు. మనం పెన్నలో కలుపుతాం, ఆయన ప్లాస్టిక్‌లో కలిశాడు.

ఇంట్లో ఉన్న ఫ్రిస్బీ చాలదా?

చాలదు. కాలేజీల్లో ఆడే అల్టిమేట్ డిస్కు 175 గ్రాములుంటుంది, అడ్డం 27 సెం.మీ. పైచిలుకు. పట్టర్ బరువూ ఇంచుమించు అంతే, అడ్డం మాత్రం 21 సెం.మీ. అదే బరువు చిన్న పళ్ళెంలో ఇమిడింది కాబట్టి గాలిని తోసుకుంటూ పోతుంది, గొలుసులకు తగిలితే వాటిని నెట్టుకుని లోపలికి దూరుతుంది. పెద్ద డిస్కు మధ్యాహ్నపు సముద్రపు గాలిలో గాలిపటమైపోతుంది. బొమ్మల దుకాణంలో దొరికే పల్చటి ఫ్రిస్బీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

డ్రైవర్‌తో పోలిస్తే తేడా అంచులో ఉంది. డ్రైవర్ అంచు 2 సెం.మీ. దాటి వెడల్పుగా, కొస పదునుగా ఉంటుంది. పట్టర్ అంచు 1 సెం.మీ. అటూ ఇటూగా, కొస మొద్దుగా ఉంటుంది. మొద్దు అంచు గాలిలో త్వరగా నెమ్మదిస్తుంది. బుట్టను దాటిపోయిన డిస్కు పది మీటర్ల అవతల కాకుండా మూడు మీటర్లలో ఆగేది అందుకే.

పట్టర్‌కు ముందు పట్టు

కొనేటప్పుడు అందరూ డిస్కు మీద అచ్చేసిన నాలుగు అంకెలు చూస్తారు. వాటికంటే ముందు చూడాల్సింది అది చేతిలో ఎలా కూర్చుంటుందన్నది. ఐదు మీటర్ల నుంచి బుట్టలో వేసే విసురులో ఆ అంకెల ప్రభావం దాదాపు కనబడదు. డిస్కు చేతిని వదిలేటప్పుడు వేళ్ళన్నీ ఒకేసారి వదిలాయా లేదా అన్నదే తేలుస్తుంది.

పట్టు ఇలా. అరచేతిలో పళ్ళెం పట్టుకున్నట్టు డిస్కు పెట్టుకుని, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు అడుగున విసనకర్రలా విప్పి ఉంచాలి. చూపుడు వేలు అంచు వెంట. బొటనవేలు పైన, అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల లోపల. డిస్కు జారనంత బిగువు చాలు. కోడిగుడ్డు పట్టుకున్నట్టు అనే మాట ఇక్కడ సరిపోతుంది. ఇప్పుడు మణికట్టు అటూ ఇటూ పదిసార్లు ఆడించండి. డిస్కు లోపల కదిలిందంటే అంచు మీ చేతికి లోతు తక్కువైంది. ఆడించాక వేళ్ళ కొసలు నొప్పెడితే లోతు ఎక్కువైంది. చేతులు చిన్నవైతే లోతు తక్కువున్న నమూనా చూసుకోవడం మంచిది.

తర్వాత బీడ్. అంచు అడుగున, వేలితో రుద్దితే సన్నటి తాడులా తగిలే ఉబ్బు అది. అది ఉన్న పట్టర్లూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. రెంటి మధ్య తేడా పక్కపక్కన పెట్టి చూడాలంటే డైనమిక్ డిస్క్స్ కంపెనీ వాళ్ళ జడ్జ్, వార్డెన్ జత మంచి ఉదాహరణ: వార్డెన్ అంటే బీడ్ తీసేసిన జడ్జ్. బీడ్ ఉన్నదానికి చూపుడు వేలు ఆనడానికి ఒక గట్టు దొరుకుతుంది, చెమట చేతికి అది ఆసరా. పైగా వేగం తగ్గాక ఎడమకు వాలే గుణం కొంచెం ఎక్కువ. బీడ్ లేనిది నున్నగా జారిపోతుంది, వదిలే క్షణంలో వేలికి ఏమీ అడ్డం తగలదు. సన్నటి వేళ్ళవాళ్ళు దాన్ని ఇష్టపడతారు. ఇందులో గొప్పా తక్కువా లేదు. కాకపోతే ఈ నెల్లూరు, ఒంగోలు వైపు ఉక్కపోతలో చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కాబట్టి, రెండూ చేతికి సమానంగా అనిపిస్తే బీడ్ ఉన్నదే తీసుకోవడం మేలు.

ప్లాస్టిక్: ఎండే అసలు పరీక్ష

ఒకే అచ్చులో పోసిన పట్టర్ నాలుగైదు రకాల ప్లాస్టిక్‌లలో వస్తుంది. ఎంపికలో సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి, ఎందుకంటే అమెరికాలోనూ స్వీడన్‌లోనూ రాసిన సలహాలు అక్కడి చలికి రాసినవి.

మామూలు రకం ప్లాస్టిక్ ఒకటి: ఇన్నోవా కంపెనీలో డీఎక్స్, డిస్క్‌క్రాఫ్ట్‌లో ప్రో-డి, ఎంవీపీలో ఎలక్ట్రాన్, కాస్టాప్లాస్ట్‌లో కే3. ధర తక్కువ, చేతికి పొడిగా గరుకుగా తగులుతుంది, గొలుసులను బాగా పట్టుకుంటుంది. త్వరగా అరుగుతుంది. రెండోది ఖరీదు రకం: ఇన్నోవా స్టార్, ఛాంపియన్, డిస్క్‌క్రాఫ్ట్ జెడ్, ఈఎస్‌పీ, డైనమిక్ డిస్క్స్ లూసిడ్, ఎంవీపీ న్యూట్రాన్. చెట్టుకు వందసార్లు తగిలినా ఆకారం చెడదు. నున్నగా ఉండటంతో తడి చేతికి జారుతుంది, గొలుసులకు తగిలి వెనక్కి చిమ్మే అవకాశమూ ఎక్కువ.

బుట్టలో వేసే డిస్కు మామూలు ప్లాస్టిక్‌లో, దూరం విసిరే డిస్కు ఖరీదు ప్లాస్టిక్‌లో ఉండాలన్నది అన్నిచోట్లా చెప్పే మాట. అది ఇక్కడా నిజమే, ఒక సవరణతో: మామూలు ప్లాస్టిక్‌లో మెత్తది వద్దు. చాలా కంపెనీలు ఒకే ప్లాస్టిక్‌ను మెత్తగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు మోతాదుల్లో పోస్తాయి. చలిదేశంలో మెత్తది ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ మే నెలలో 42 డిగ్రీల ఎండకు అదే డిస్కు చపాతీలా వంగుతుంది. వంగితే ఏమవుతుంది? మణికట్టు విదిలించినప్పుడు అంచు ఒక క్షణం మడతపడి, డిస్కు చేతిని వదిలాక ఆ మడత విప్పుకుంటూ వణుకుతుంది. వణికే డిస్కుకు తిరుగుడు చాలదు, బుట్టకు మీటరు ముందే కూలుతుంది. ఆటగాడు మాత్రం చెయ్యి తప్పిందనుకుంటాడు. గట్టి రకం తీసుకుంటే ఎండలో అదే మధ్యస్థమవుతుంది, డిసెంబరు పొద్దున కూడా రాయిలా ఉండదు. డిస్కు మీద ఫర్మ్, హార్డ్ అని రాసి ఉన్నది చూసుకోండి. చూసి తెలుసుకునే వీలుంటే అంచులు రెండువైపులా పట్టి బొటనవేళ్ళతో నడుమ నొక్కాలి. టక్కున లోపలికి పోయి వెనక్కి వచ్చేది వద్దు. కాస్త ఎదురుతిరిగేది కావాలి.

కారు డాష్‌బోర్డు మీదా బండి డిక్కీలోనూ డిస్కు వదిలేస్తే మధ్యాహ్నానికి అప్పడంలా వంకర తిరుగుతుంది. పారేయక్కర్లేదు. వెడల్పాటి బేసిన్‌లో చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళు పోసి (మరిగే నీళ్ళు కాదు) ఐదు నిమిషాలు ముంచండి. తీసి చేత్తో సరిచేసి, బోర్లా కడప బండ మీద పెట్టి, పైన ఒక పుస్తకం బరువు ఉంచి, చల్లారేదాకా కదపకండి. ఒక్కోసారి రెండు విడతలు పడుతుంది.

ఇక నేల. సర్వితోటలో ఇసుక మెత్తన, డిస్కుకు దెబ్బ తగిలేది మానుకు మాత్రమే. చీమకుర్తి వైపు గ్రానైట్ రాళ్ళ మధ్య, కనిగిరి మెట్టల్లో గరుకు నేల మీద మామూలు ప్లాస్టిక్ అంచు నెలకే పీచులేస్తుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలలో వానకాలం ఇంకో తంటా, జిగట మన్ను అంచు లోపల పట్టి డిస్కు ఒకవైపు బరువెక్కుతుంది. విసిరిన ప్రతిసారీ తుడవాల్సిందే. అంచు మీద లేచిన పీచును 400 నంబరు వాటర్ పేపరుతో సాపు చేసుకోవచ్చు, నియమాలు దానికి ఒప్పుకుంటాయి. ఆకారం మారేలా అరగదీయడానికి ఒప్పుకోవు.

సర్కారు తుమ్మ గురించి ఒక మాట. కంపలో దూరిన డిస్కు కోసం చెయ్యి పెట్టొద్దు. ముల్లు సరే, లోపల ఇంకేముంటుందో తెలియదు. పొడుగాటి కొంకికర్ర ఒకటి వెంట ఉంచుకోవాలి. రొయ్యల గుంటల పక్కన ఆడితే ఇంకో జాగ్రత్త: పట్టర్లలో ఎక్కువ భాగం మునిగిపోతాయి.

బరువు ఎంత?

పోటీ నియమం ప్రకారం డిస్కు అడ్డం సెంటీమీటరుకు 8.3 గ్రాములు దాటకూడదు. 21.2 సెం.మీ. పట్టర్‌కు ఆ లెక్కన 175.9 గ్రాములు గరిష్ఠం. అందుకే పెద్దల పట్టర్లు ఎక్కువగా 170 నుంచి 175 మధ్య దొరుకుతాయి. బరువు డిస్కు అడుగున పెన్నుతో రాసో, చిన్న చీటీ అంటించో ఉంటుంది. గాలిలో ఆడేవాళ్ళకు 173 నుంచి 175 మంచిది. పన్నెండేళ్ళలోపు పిల్లలకు 150 గ్రాముల చుట్టూ ఉన్నవి ఇవ్వండి, లేకపోతే మణికట్టుతో కాకుండా భుజంతో విసరడం అలవాటవుతుంది. ఐదారు గ్రాముల తేడా చేతికి తెలియదనుకుంటారు గానీ, 168, 174 గ్రాముల డిస్కులు మార్చి మార్చి విసిరితే ఎత్తులో జానెడు తేడా కనిపిస్తుంది. రెండు కొంటే రెండూ ఒకే బరువు ఉండేలా చూసుకోండి.

నాలుగు అంకెలు, కొన్ని పేర్లు

మొదటి అంకె వేగం, రెండోది తేలుడు, మూడోది వేగంగా ఉన్నప్పుడు కుడికి ఒరిగే గుణం (మైనస్ ఎంత పెరిగితే అంత ఒరుగుతుంది), నాలుగోది నెమ్మదించాక ఎడమకు వాలే గుణం. ఇదంతా కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ విసురుకు. ఎడమచేతివాళ్ళు దిక్కులు తిప్పి చదువుకోవాలి. ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో మరీ గీసి పోల్చకండి, ఎవరి కొలత వాళ్ళది.

ఇన్నోవా ఏవియర్ 2/3/0/1. ఏళ్ళ తరబడి మిగతా పట్టర్లను దీనితోనే పోలుస్తూ వస్తున్నారు. ఎటూ ఒరగదు, చివర్లో మాత్రం కొద్దిగా ఎడమకు. ఏది కొనాలో తోచనివాళ్ళు ఇది కొంటే తప్పు పోదు. జడ్జ్ 2/4/0/1, తేలుడు ఒక పిసరు ఎక్కువ కాబట్టి ఎనిమిది, పది మీటర్ల నుంచి తక్కువ శ్రమతో చేరుతుంది. ఆ తేలుడే ఎదురుగాలిలో శత్రువు, డిస్కును బుట్ట నెత్తి మీదుగా లేపేస్తుంది. వార్డెన్ 2/4/0/0.5, జడ్జ్ కంటే ఇంకాస్త తిన్నగా పోతుంది. డిస్క్‌క్రాఫ్ట్ మ్యాగ్నెట్ 2/3/-1/1, బలం తక్కువున్నవాళ్ళకూ పిల్లలకూ నప్పుతుంది, గట్టిగా విసిరితే కుడికి తిరుగుతుంది.

గాలికి నిలబడేవి వేరే జాతి. డిస్క్‌క్రాఫ్ట్ లూనా 3/3/0/3. మధ్యాహ్నం మూడింటికి మైపాడు ఒడ్డున ఆడాలంటే ఏవియర్ కంటే ఇది నమ్మకం. కానీ గాలి లేని పొద్దున పది మీటర్ల నుంచి వేస్తే చివర్లో ఎడమకు జారుతుంది, కుడివైపు గొలుసులకు గురిపెట్టే అలవాటు చేసుకోవాలి. కాస్టాప్లాస్ట్ బెర్గ్ 1/1/0/2 ఒక వింత, పైన బొటనవేలు ఆనించడానికి గాడి ఉంటుంది, తేలదు, పడిన చోటే ఉండిపోతుంది. వెనకగాలిలోనూ, బుట్ట వెనక గుంటో కంపో ఉన్నచోటా దాని విలువ తెలుస్తుంది. దూరం నుంచి వేయాలంటే మాత్రం దానికి చాలా బలం పెట్టాలి.

డిస్క్‌క్రాఫ్ట్ జోన్ 4/3/0/3ను కొందరు పట్టర్ అని అమ్ముతారు. అది బుట్ట దగ్గరకు చేర్చే డిస్కు. ముప్పై మీటర్ల నుంచి ఎదురుగాలిలో, ముఖ్యంగా ఫోర్‌హ్యాండ్‌తో, దానికి తిరుగులేదు. మొదటి పట్టర్‌గా కొనొద్దు. యాక్సియం ఎన్వీ 3/3/0/2, ప్రాక్సీ 3/3/-1/0.5 కూడా విసరడానికే బాగుంటాయి. వీటి అంచు వేరే ప్లాస్టిక్‌తో నడుముకు అతికించి ఉంటుంది, బరువు అంచులో ఉండటంతో తిరుగుడు ఎక్కువసేపు నిలుస్తుంది. రాళ్ళలో ఆడితే ఆ అతుకు దగ్గర అంచు ముందు దెబ్బతింటుంది.

ఒక్కటే కొనేవాళ్ళు: ఏవియర్ లేదా జడ్జ్, మామూలు ప్లాస్టిక్‌లో గట్టిది, 174 గ్రాములు. రెండు కొనేవాళ్ళు రెండు వేర్వేరు పేర్లు కొనొద్దు, అదే డిస్కు రెండు కొనండి. బుట్టలో వేసే సాధనకు ఒకే రకం రెండు చేతిలో ఉండటం ఎంత ఉపయోగమో వారంలో తెలుస్తుంది. మూడోది కొనే రోజు వచ్చినప్పుడు, గాలి ఎక్కువున్నచోట ఆడేవాళ్ళు జోన్ వైపు, తోటల మధ్య తిన్నటి దారుల్లో ఆడేవాళ్ళు ప్రాక్సీ వైపు చూడొచ్చు. స్థానిక స్పోర్ట్స్ షాపులో డిస్కు కనిపిస్తే అడుగున పీడీజీఏ అప్రూవ్డ్ అన్న అచ్చు ఉందో లేదో చూసి తీసుకోండి.

నిలబడటం, వదలడం

రెండు పద్ధతులు. ఒకటి తిప్పి వేసేది, దాన్ని స్పిన్ పట్ అంటారు. మోచెయ్యి మడిచి, డిస్కు బొడ్డు దగ్గరికి తెచ్చి, మణికట్టు విదిలిస్తూ బుట్టవైపు సూటిగా వదలడం. డిస్కు చదునుగా, వేగంగా పోతుంది, గాలికి తక్కువ లొంగుతుంది. తప్పితే మాత్రం నాలుగైదు మీటర్లు దాటిపోతుంది. రెండోది తోసి వేసేది, పుష్ పట్. చెయ్యి దాదాపు చాచే ఉంటుంది, మోకాళ్ళు వంచి, కాళ్ళ ఊపుతో డిస్కును కింది నుంచి పైకి ఎత్తి వదలడం. డిస్కు వంపుగా లేచి బుట్ట ఎదుట దిగుతుంది. తప్పినా దగ్గరే పడుతుంది. గాలి లేనప్పుడు ఇది హాయి, గాలిలో ప్రాణసంకటం. కోస్తాలో ఆడేవాళ్ళు రెండోది నేర్చుకున్నా మొదటిది వదలకూడదన్నది ఇక్కడి గాలి చెప్పే పాఠం.

కుడిచేతివాళ్ళకు కుడికాలు ముందు, బొటనవేలు బుట్టవైపు. ఎడమకాలు వెనక, అడుగున్నర దూరంలో. బరువు వెనక కాలి మీద మొదలై, డిస్కు వదిలే క్షణానికి ముందు కాలి మీదకు రావాలి. పెన్నా ఇసుకలో వెనక కాలు కూరుకుపోయి ఆ తోపు దొరకదు. అలాంటిచోట రెండు కాళ్ళూ ఒకే వరుసలో, భుజాలకంటే వెడల్పుగా పెట్టి నిలబడితే నయం. చెట్టు వెనక నుంచి పక్కకు వంగి వేయాల్సి వచ్చినా ఇదే భంగిమ. సర్వితోటలో రాలిన ఆకు పరుపు మీద కాలు జారుతుంది, నిలబడే ముందు పాదంతో పక్కకు చిమ్ముకోండి.

వదిలేటప్పుడు చెయ్యి బుట్టవైపు కరచాలనానికి చాచినట్టు ముగియాలి, బొటనవేలు ఆకాశం చూస్తూ. చూపు మాత్రం ఒకే ఒక గొలుసు కడియం మీద. మొత్తం బుట్టను చూస్తే డిస్కు కూడా మొత్తం బుట్ట చుట్టూ పడుతుంది. కుడిచేతి డిస్కు చివర్లో ఎడమకు జారుతుంది కాబట్టి నడిమి గొట్టానికి కుడిపక్క గొలుసును చూడండి. అక్కడ తగిలినది గొట్టంవైపు లోపలికి పోతుంది. ఎడమ గొలుసులకు తగిలినది బయటికి జారుతుంది.

ఏది తప్పితే ఎక్కడ చూసుకోవాలి? డిస్కు ముక్కు పైకెత్తుకుని బుట్టకు ముందే ఆగి పడుతుంటే బొటనవేలు నొక్కడం లేదు. దాన్ని అంచువైపు ఒక సెంటీమీటరు జరపండి, ముందు అంచు నేలవైపు కొంచెం వంచి వదలండి. ఎడమకు పోతుంటే తొందరగా వదిలేస్తున్నారు, కుడికి పోతుంటే ఆలస్యంగా. కుడికి పోవడానికి ఎక్కువసార్లు కారణం బిగించిన చిటికెన వేలు. బుట్ట ఇనుప అంచుకు ఢంగుమని తగులుతుంటే చూపు గొలుసుల నుంచి జారి ఆ అంచు మీదకు వచ్చేసిందన్నమాట, లేకపోతే కాళ్ళు పనిచేయడం మానేశాయి, అలసిపోయిన సాయంత్రాల్లో ఇది మామూలే. వణుకుతూ పోతుంటే తిరుగుడు చాలలేదు. చేతి ఊపు పెంచితే వణుకు ఇంకా పెరుగుతుంది, మణికట్టు విదిలింపు పెంచాలి.

పోటీ ఆటలో బుట్ట నుంచి 10 మీటర్ల లోపల ఒక కట్టుబాటు ఉంది: డిస్కు వదిలాక తూలకుండా నిలబడి, అప్పుడే ముందుకు అడుగెయ్యాలి. ఎగిరి వేయడం, నడుస్తూ వేయడం ఆ గీత బయటే. పది మీటర్లంటే మామూలు మనిషి అంగలు పదమూడు. కాలు మోపాల్సిన చోటు కూడా లెక్కే: డిస్కు పడిన చోటి గుర్తు వెనక 20 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవున్న దీర్ఘచతురస్రంలో ఒక కాలైనా ఆని ఉండాలి.

దూరం విసరడానికి పట్టర్ వాడేటప్పుడు వేళ్ళు నాలుగూ మడిచి అంచు లోపల పెట్టండి, పరుగు వద్దు, సగం బలం చాలు. గట్టిగా విసిరితే తిన్నగా పోయే పట్టర్ కుడికి బోర్లా పడుతుంది. చేతిలో బలం ఉందని చూపించుకోవడానికి అనువైన డిస్కు కాదిది.

గాలి

ఈ జిల్లాల్లో ఉదయం ఎనిమిది లోపల గాలి దాదాపు ఉండదు. మధ్యాహ్నానికి తూర్పు నుంచి సముద్రపు గాలి లేస్తుంది. ఎండాకాలం చివర పడమటి గాలి, కనిగిరి, పొదిలి వైపు వేడిగా, దుమ్ముతో.

ఎదురుగాలి డిస్కును లేపుతుంది, కుడికి ఒరిగిస్తుంది. మామూలుగా చూసే కడియానికి ఒక జానెడు కిందికి గురిపెట్టి, ముక్కు వంచి, తిప్పుడు పెంచి వేయాలి. వెనకగాలి నొక్కేస్తుంది, పైకి గురి. అసలు చిక్కు పక్కగాలితోనే. కుడిచేతివాళ్ళు డిస్కు ఎడమ అంచు కాస్త కిందికి వంచి వేస్తారు, దాన్నే హైజర్ అంటారు. అలా వంగిన డిస్కు నెత్తి ఎడమవైపు, అడుగు కుడివైపు చూస్తుంటాయి. ఎడమ నుంచి గాలి వస్తే నెత్తిన పడి కిందికి, కుడికి నొక్కుతుంది. కుడి నుంచి వస్తే అడుగున దూరి పైకి, ఎడమకు ఎత్తుకుపోతుంది. మీరు పడమర ముఖంగా నిలబడేలా బుట్ట పెట్టుకుంటే సాయంత్రపు గాలి వెనక నుంచి, ఉత్తరం ముఖంగా పెడితే కుడి నుంచి వస్తుంది. సాధనకు బుట్ట ఒకే దిక్కున పాతకుండా చుట్టూ తిరిగి వేయండి, నాలుగు గాలులూ ఒకే చోట దొరుకుతాయి.

గాలి మరీ ఎక్కువై పది మీటర్ల నుంచి వేయాల్సి వస్తే బుట్టలో వేయాలన్న ఆశ వదిలి, బుట్ట పాదం దగ్గర పడేలా వేసుకోవడమే తెలివి. దాటిపోయిన డిస్కు అంచు మీద నిలబడి చక్రంలా దొర్లిందంటే, గట్టి నేల మీద ఎంత దూరం పోతుందో దానికే తెలియాలి.

బుట్ట కట్టుకోవడం

కంపెనీ బుట్ట తెప్పించుకోవడం ఖరీదు. సైకిలు షాపులో పాత రిమ్ములు రెండు చాలు: పైన 24 అంగుళాలది, కింద పెద్దల సైకిలు 28 అంగుళాలది. ఒకటింపావు అంగుళం జీఐ పైపు నడుమ నిలబెట్టి, కింద సిమెంటు పోసిన పెయింటు డబ్బాలో పాతండి. కింది రిమ్ము నేల నుంచి 82 సెం.మీ. ఎత్తులో రావాలి, ఇది నియమం చెప్పే కొలత. పై రిమ్ము దానికి అర మీటరు పైన. కింది రిమ్ముకు జానెడు లోతున్న వైరు మెష్‌తో పళ్ళెం కట్టాలి. గొలుసులు 65 సెం.మీ. ముక్కలు పన్నెండు బయట, 55 సెం.మీ. ముక్కలు ఆరు లోపల. మొత్తం పన్నెండు మీటర్ల లోపే. పై చివరలు రిమ్ము ఊచల రంధ్రాల్లో తీగతో కట్టి, కింది చివరలన్నీ పైపు చుట్టూ ఒక కడియానికి చేర్చండి. ఆ కడియం కింది రిమ్ము మట్టానికి కాస్త పైన ఉండాలి.

గొలుసు బిగువుగా కడితే డిస్కు బంతిలా వెనక్కి వస్తుంది, మరీ వదులైతే సందులోంచి దూసుకుపోతుంది. చేత్తో నెట్టితే పైపుకు తగిలేంత వదులు సరైనది. సముద్రానికి పది కిలోమీటర్ల లోపల ఉండేవాళ్ళు మామూలు ఇనుప గొలుసు కొనొద్దు, ఒక్క వానకాలానికే తుప్పు వచ్చి డిస్కు అంచంతా ఎర్రగా పూస్తుంది. జీఐ గొలుసు కాస్త ఎక్కువ పెట్టైనా తీసుకోవాలి.

సాధన మూడు మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఇరవై, ఐదు మీటర్ల దగ్గర ఇరవై. ఐదు మీటర్ల నుంచి పదికి ఎనిమిది పడేదాకా ఏడుకు పోవద్దు. చేతికి చెమట పడితే పొడి గుడ్డ ఒకటి, జిమ్‌లో వాడే సుద్దపొడి సంచి ఒకటి నడుముకు కట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో రెండో గుడ్డ సంచి లోపల పొడిగా దాచాలి, మొదటిది ఎలాగూ మూడో బుట్టకే తడిసిపోతుంది.